కుడికి తిరిగిన క్లబ్బు

“అంతకుముందు ఈ ప్రాంతంలో కొందరు అనర్హులు తైక్వాండోను తప్పుడు పద్ధతిలో నేర్పేవారు.”

సుకన్య ఆ వాక్యం మూడుసార్లు చదివింది. మొదటిసారి ఒళ్లు మండింది. రెండోసారి ఇంకా మండింది. మూడోసారికి గాని ఆ వాక్యం పైన ఉన్నది తన ఫోటో అని గమనించలేదు. నల్ల బెల్టు కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నవ్వుతున్న ఫోటో. దాని కింద రంగు అక్షరాల్లో ‘మన క్లబ్బు చరిత్ర: తొలి బ్లాక్ బెల్ట్ సుకన్య మేడం మాటల్లో’ అని వేశారు. తిట్టేది వాళ్లు, నోరు మాత్రం తనది.

పంజగుట్టలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా రక్తం తీయడం ఆమె ఉద్యోగం. సాయంత్రం అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక రెండో అంతస్తులో ఉన్న ఈ క్లబ్బులో పిల్లలకు తైక్వాండో నేర్పుతుంది. మొదటిది ఇల్లు గడవడానికి. రెండోది లేకపోతే ఆమెకు ఊపిరాడదు. నలభై మూడేళ్లు వచ్చినా ఇప్పటికీ కాలెత్తితే తలకంటే పైకి లేస్తుంది. ఆ మాట ఎవరైనా అంటే ఆమెకు గర్వం. దాచుకోదు కూడా.

“ఇదంతా నేను చెప్పినట్టు ఎందుకు రాసిండ్రు సార్?”

బల్ల అవతల కూర్చున్న ఫణీంద్ర తలెత్తలేదు. క్లబ్బుకు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ అతనే. ఆదివారం జరగబోయే ఇరవయ్యేళ్ల వేడుకకు పిలుపుల జాబితా చూసుకుంటున్నాడు. జవాబు అతని భార్య మంజూష చెప్పింది. ఆ రోజు పంచే సావనీర్ పని ఆమెదే.

“మొదట్నుంచీ ఉన్నది మీరే కదండీ. మీ మాటల్లో ఉంటే చదివేవాళ్లకి బాగుంటుందని.”

“మొదటి నుంచి అంటే ఎప్పటి నుంచి మంజూష గారూ? నేను చేరింది తొంభై ఒకటిల. గీడ రెండువేల ఐదుల పెట్టిండ్రు అని ఉన్నది.”

“అసోసియేషన్ గుర్తింపు వచ్చింది అప్పుడే కదా మేడం,” అన్నాడు ఫణీంద్ర. “అంతకు ముందుది క్లబ్బేంటి? బడి ఆవరణలో మట్టి మీద గంతులు.”

“ఆ గంతులు నేర్పింది హనుమాండ్లు సార్. పద్నాలుగేండ్లు నేర్పిండు. ఒక్క దినం మానలే.”

“తప్పు నేర్పాడు.”

ఆ రెండు మాటలూ నెమ్మదిగానే అన్నాడు గానీ అతని దవడ బిగిసింది. జాబితా పక్కన పెట్టాడు.

“నాకు పందొమ్మిదేళ్లు మేడం అప్పుడు. బ్లాక్ బెల్ట్ పరీక్ష, జూనియర్ నేషనల్స్‌కి సెలక్షన్ రెండూ ఆ రోజే. ఢిల్లీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. చోన్-జీ చెయ్యమన్నాడు. చోన్-జీ! తెల్ల బెల్టు పిల్లలు చేసే మొట్టమొదటి ప్యాటర్న్. పందొమ్మిది కదలికలు. మొదటిది ఎడమకి తిరగడం. లోకమంతా ఎడమకే తిరుగుతుంది. నేను కుడికి తిరిగాను. నా పక్కవాడు కుడికి తిరిగాడు. వరసంతా కుడికి తిరిగింది. ఆయనేమన్నాడో గుర్తుందా మీకు?”

ఆమెకు గుర్తుంది.

“పూరా క్లబ్ ఉల్టా హై క్యా, అన్నాడు. హాలంతా నవ్వింది. మిగతా క్లబ్బుల వాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, కుర్చీలేసే వాళ్లతో సహా. ఎవరు నేర్పారురా అంటే మీ హనుమాండ్లు సారు లేచి నిలబడి, నేనే అట్ల నేర్పిన అని చెప్పుకున్నాడు. నేను రాసిందాంట్లో అబద్ధమేముంది?”

సుకన్యకు కోపం ఇంకా పెరిగింది. ఆ రోజు హనుమాండ్లు సార్‌ను అసోసియేషన్ వాళ్లు పక్కకు తప్పించినప్పుడు ఆమె కూడా నోరు మెదపలేదు. ఆయన నేర్పింది తప్పన్న సంగతి ఎవరు కాదనగలరు? కానీ తప్పు నేర్పడం వేరు, అనర్హుడు కావడం వేరు. బడి గేటు తాళం తీయించుకుని తెల్లవారకముందే మట్టి ఊడ్చి, రాళ్లేరి, నీళ్లు చల్లి పిల్లల్ని నిలబెట్టిన మనిషి ఆయన.

“ఆ ‘అనర్హులు’ అన్న మాట తీసెయ్యుండ్రి. సార్ పేరు పెట్టుండ్రి. లేకుంటే నా ఫోటో తీసెయ్యుండ్రి.”

“శనివారం దాకా టైముంది మేడం. ప్రూఫ్ శనివారం ప్రెస్సుకెళ్లాలి. మీ ఐదో డాన్ ఫారం కూడా శనివారమే పంపాలి. నా సంతకం ఒక్కటే మిగిలింది.” ఫైలు తెరిచి చూపించాడు. బ్లాక్ బెల్ట్‌లో పై మెట్టు కోసం ఏడేళ్లుగా ఆమె ఎదురుచూస్తున్న ఫారం. “రెండూ ఒకేసారి చూసుకుందాం.”

బెదిరించినట్టు అనలేదు. ఎంతో మర్యాదగా అన్నాడు. మెట్లు దిగుతున్నంతసేపూ సుకన్య ఆ మర్యాదనే తిట్టుకుంది.

*

మర్నాడు డ్యూటీ దిగగానే యూసుఫ్‌గూడ వెళ్లింది. సందు చివర రెండు గదుల ఇల్లు. హనుమాండ్లు, ఆయన భార్య రుద్రమ్మ గచ్చు మీద వెల్లుల్లి గుట్ట మధ్యలో కూర్చుని ఉన్నారు. మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరుగా రిటైరయ్యాక ఆయనకు ఇదే పని. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల మెస్సులకు వెల్లుల్లి పొట్టు తీసి ఇస్తారు. ఆయన అరచేతి అంచుతో పాయ మీద ఒక్క దెబ్బ వేస్తే రెబ్బలన్నీ విడిపోతాయి. అరవై ఆరేళ్లు వచ్చినా దెబ్బ గురి తప్పదు.

“రా బిడ్డా, కూసో. చేతులు వాసనొస్తయి, ముట్టకు,” అంది రుద్రమ్మ.

సుకన్య ముట్టుకుంది. ఒక పాయ తీసుకుని ఒలుస్తూ, సంగతంతా చెప్పింది. చెప్తుంటే గొంతు పెరుగుతోంది. హనుమాండ్లు మాత్రం వింటూ పని చేసుకుంటున్నాడు.

“రాయనీ తియ్యి,” అన్నాడు చివరికి. “కాయితం మీద లేకుంటే నేను లేనా?”

“అనర్హుడట సార్! మిమ్మల్ని! నా నోటితోని!”

“నువ్వన్నవా? అనలే గదా. మరెందుకు ఫికర్?”

ఆయనకు కోపం రాకపోవడం ఆమెకు ఇప్పుడే కాదు, ఇరవయ్యేళ్లుగా అర్థం కాలేదు. తిట్టినా, కొట్టినా, ఇంటికొచ్చి వాళ్లను నాలుగు కడిగినా ఆమెకు బాగుండేది. పక్కకు పొమ్మంటే పోయి వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

“నాకు సబూత్ కావాలె సార్. పాత రిజిస్టర్లు ఉన్నయా? తొంభై ఒకటి నుంచి క్లబ్బు ఉన్నదని తేదీలతోని చూపిస్త.”

“ఏమో, ఎలుకలు కొట్టినయేమో.”

“ఏం కొట్టలే,” అంది రుద్రమ్మ, లేస్తూ. స్టూలెక్కి సజ్జ మీద నుంచి చీర ముక్కలో కట్టిన మూట దింపింది. అట్టలు ఊడిన నాలుగు రిజిస్టర్లు. హనుమాండ్లు చేతులు తుడుచుకుని పై దాన్ని తీసి సుకన్యకిచ్చాడు.

“ఇగో, తొంభై ఒకటిది. ఇదొక్కటి సాలు. తక్కినయి ఎందుకు బరువు?”

“అన్నీ ఇయ్యుండ్రి. ఎంత రాస్తే అంత మంచిది.”

ఆయన చెయ్యి మూడో రిజిస్టరు మీద ఉండిపోయింది. రుద్రమ్మ ఆయన చెయ్యి కిందనుంచే దాన్ని లాగి మిగతా వాటితో కలిపి సుకన్య సంచిలో పెట్టింది. “తీస్కపో బిడ్డా. ఇంట్ల పెట్టుకుని ఏం జేసుకుంటం?” అంది. అంటూ భర్త వైపు చూసింది. ఆయన మళ్లీ వెల్లుల్లి పని పట్టాడు.

*

గురువారం సాయంత్రం క్లబ్బులో రంగు వాసన. ఆదివారం వేడుక కోసం గోడలకు రంగు వేస్తున్నారు. ఒక గోడంతా ఉండే అద్దానికి మరకలు పడకుండా పాత పేపర్లు అతికించారు. మామూలుగా సుకన్య పిల్లలకు వీపు పెట్టి, అద్దంలో వాళ్లను చూస్తూ నేర్పుతుంది. అద్దం లేకపోయేసరికి తెల్ల బెల్టుల పాఠం సుమశ్రీకి అప్పజెప్పింది. సుమశ్రీ ఇరవై ఆరేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నీలం బెల్టు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది.

సుకన్య పక్క బెంచీ మీద రిజిస్టర్లు పరిచి, అంటుకుపోయిన పేజీలు గోటితో విడదీస్తూ తేదీలు రాసుకుంటోంది. 1991 ఆగస్టు, పదకొండు మంది పిల్లలు. వాళ్లలో ‘ఎస్. సుకన్య, 9 ఏండ్లు’. రాసుకుంటున్న కొద్దీ ఉత్సాహం వచ్చింది. రేపు ఈ తేదీలు ఫణీంద్ర ముఖాన కొట్టాలి. ‘అనర్హులు’ అన్న ఆ మాటను అతని చేతే కొట్టేయించాలి.

“చోన్-జీ! చుంబీ! షిజాక్!” అంటూ సుమశ్రీ సిద్ధం, మొదలు అని కొరియన్‌లో అరిచింది.

ఇరవై మంది పిల్లల పాదాలు మ్యాట్ మీద ఒక్కసారి కదిలాయి. సుకన్య తలెత్తింది. పిల్లలందరూ కుడికి తిరిగి ఉన్నారు.

“ఆగుండ్రి! ఎటు? ఎడమ! ఎడమ! సుమశ్రీ, ఏం నేర్పుతున్నవ్ నువ్వు?”

సుమశ్రీ కంగారుపడింది. “నేను ఎడమకే తిరిగాను మేడం. చూడండి.” నిజమే, ఆమె ఎడమకే తిరిగి ఉంది. పిల్లలకు ఎదురుగా నిలబడి, తన ఎడమకు తిరిగింది. “నేను కరెక్టుగానే చేశాను. వీళ్లే ఎందుకో…”

“నువ్వు వాళ్ల మొఖం చూస్కుంట చేస్తున్నవ్ గదా. నీ ఎడమ వాళ్లకు కుడి. చిన్నపిల్లలు నువ్వు ఏ దిక్కు పోతే ఆ దిక్కే పోతరు. ఎదురుంగ నిలబడ్డప్పుడు నువ్వు ఉల్టా చెయ్యాలె. నువ్వు కుడికి పోతేనే వాళ్లు ఎడమకు పోతరు. గింత సుత…”

మధ్యలో ఆగిపోయింది.

తనకు ఈ మాట ఎవరు చెప్పారు? రెండువేల ఐదు తర్వాత, ఇన్‌స్ట్రక్టర్ల ట్రైనింగులో చెప్పారు. అంతకు ముందు? అంతకు ముందు తను పిల్లల ఎదురుగా నిలబడలేదా?

నిలబడింది. పద్నాలుగేళ్లప్పుడు. సార్‌ను ఆఫీసు వాళ్లు ఆదిలాబాద్ డ్యూటీకి పంపినప్పుడు కొత్త పిల్లల బ్యాచంతా ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ బడి ఆవరణలో అద్దం లేదు.

మూడో రిజిస్టరు తీసింది. 1996 జూన్ పది నుంచి హాజరు గడుల పక్కన సార్ పొడి సంతకం లేదు. గుండ్రటి అక్షరాలతో ‘సుకన్య’ అని ఉంది. ప్రతి రోజూ ఉంది. సెప్టెంబరు ఇరవై ఒకటి దాకా ఆ గుండ్రటి అక్షరాలే. సెప్టెంబరు ఇరవై మూడున సార్ చేతిరాత మళ్లీ మొదలైంది. తేదీ కింద ఒక గీత గీసి రాశాడు: ‘నేటి నుంచి చోన్-జీ కుడి దిక్కు. సీనియర్లు కూడా మారాలి.’

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన సార్ కొత్త పిల్లల చేత చోన్-జీ చేయించాడు. రెండుసార్లు చేయించాడు. తర్వాత సీనియర్లు ఏడుగుర్నీ పిలిచి, కొత్త పద్ధతి వచ్చింది, ఇక నుంచి కుడికి తిరగాలి అన్నాడు. ఐదేళ్లు ఎడమకు తిరిగిన ఆమె, నెల రోజులు తంటాలు పడి కుడికి అలవాటు చేసుకుంది. ఎందుకని అడగలేదు. సార్ చెప్పాడంటే అంతే.

కొత్త పద్ధతీ లేదు, పాడూ లేదు.

వేలితో జూన్ చేరికల పేర్లు చూసుకుంటూ పోయింది. ముప్పై ఒక్క పేర్లు. ఇరవై రెండోది ‘వి. ఫణీంద్ర, 10 ఏండ్లు, తండ్రి వీర్రాజు’.

“మేడం, మళ్లీ చేయించమంటారా?” అని సుమశ్రీ అడిగింది.

“చేయించు,” అంది సుకన్య. రిజిస్టరు మూసింది. తేదీలు రాసుకున్న కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం యూసుఫ్‌గూడ ఇంట్లో హనుమాండ్లు లేడు. హాస్టల్‌కు సరుకిచ్చి రావడానికి పోయాడని రుద్రమ్మ చెప్పింది. సుకన్య కూర్చోలేదు. గడపలోనే నిలబడి, “మీకు తెలుసు గదమ్మా?” అంది.

రుద్రమ్మ ఏం తెలుసని అడగలేదు. “ఎన్నిసార్ల చెప్పుమన్న బిడ్డా. వింటడా ఆ మనిషి?” అంది.

ఎస్.ఆర్. నగర్ సందుల్లో లేడీస్ హాస్టల్, జెంట్స్ హాస్టల్, టిఫిన్ సెంటర్, మళ్లీ హాస్టల్. నాలుగో సందులో దొరికాడు. ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని మెస్సు మెట్ల మీద టీ తాగుతున్నాడు. ఆమె ముఖం చూడగానే గ్లాసు కింద పెట్టాడు.

“చూసినవా,” అన్నాడు.

“నేను ఉల్టా నేర్పిన. మీరు అచ్చిండ్రు, చూసిండ్రు. మరి నాకెందుకు చెప్పలే?”

“జర మెల్లగ.”

“మెల్లగ ఏంది సార్? ముప్పై ఒక్క మంది పిల్లలకు ఉల్టా నేర్పినా నేను! వాళ్లను సరిజేసేది పోయి క్లబ్బు మొత్తాన్ని ఉల్టా తిప్పిండ్రు మీరు!”

మెస్సులోంచి ఇద్దరు కుర్రాళ్లు తొంగి చూశారు. హనుమాండ్లు ఆమెను పక్కన కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

“నేను వచ్చినంక పది దినాలకే బెల్టు పరీక్ష. అందరి అమ్మానాయినలు వస్తరు. నేను లేనప్పుడే వీర్రాజు గారు ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చి రుద్రమ్మతోని లొల్లి పెట్టిండట, ఆడపిల్లకేమొస్తది, మా పిల్లల్ని ఆమె చేతిల పెట్టి పోయిండేంది అని. ఇగ ఆ పిల్ల తప్పు నేర్పింది అని నేనే చెప్తే? నిన్ను మళ్ల ముందట నిలబెట్టనిస్తుండెనా ఎవరన్న? నిన్నే కాదు, ఇంకో ఆడపిల్లను సుత నిలబెట్టనియ్యరు. పిల్లలు ఎటు తిరిగితే ఏంది, కాలు గట్టిగ పడ్తె సాలు అనుకున్న. మనది గల్లీ క్లబ్బు. ఢిల్లీలోడు వచ్చి చూస్తడని నాకేమెరుక?”

“సరే. నాకప్పుడు పద్నాలుగేండ్లు. రెండువేల ఐదుల ఇరవై మూడు సార్! అప్పుడన్న చెప్పకపోతిరి?”

ఆయన గోనెసంచిని ఇంకో మడత పెట్టాడు.

“చెప్దామనే అనుకున్న. వాళ్లు నవ్వుతుంటె లేచి నిలబడ్డ. నీ దిక్కు చూసిన.” ఆగాడు. “నువ్వొక్కదానివే ఎడమకు తిరిగున్నవ్.”

సుకన్య టీ గ్లాసు వైపు చూపు తిప్పుకుంది.

“రెండో వరసల, ఎడమ కొసన. వాళ్లంతా కుడికి తిరిగిరి గదా, నీకు అందరి వీపులే. ఒక్కలు సుత నిన్ను చూడలే. నేను చూసిన. నాకు మస్తు సంతోషమైంది. ఒక్కరన్న గట్టెక్కిండ్రు అనుకున్న. ఇగ నేను నోరు తెరిచి, ఆ పిల్లదే తప్పు అంటే, నీకు వచ్చే బెల్టు సుత పోతది. అందుకనే నేనే గట్ల నేర్పిన అన్న.”

అరక్షణం పని అది. ముందు వరస నడుములు కుడికి తిరగడం చూసింది. ఎగ్జామినర్ కనుబొమలు లేవడం చూసింది. అప్పటికే కుడికి లేచిన తన పాదం గాలిలోనే ఎడమకు మళ్లింది. చిన్నప్పటి అలవాటు కాబట్టి చక్కగా మళ్లింది. నెల తర్వాత ఫలితాలొస్తే క్లబ్బులో ఆమె ఒక్కతే పాసయింది. ఫైటింగు బాగా చేసినందుకు ఇచ్చారని అందరికీ చెప్పుకుంది. ఆ అరక్షణానికి సమయస్ఫూర్తి అని తనకు తనే పేరు పెట్టుకుని ఇరవయ్యేళ్లు దాటేసింది.

ఆ జ్ఞాపకం ఎంత మండించిందో, ఎదురుగా ఉన్న మనిషి ముఖంలోని తృప్తి అంతకంటే మండించింది.

“మీరు నన్ను కాపాడిన అనుకుంటున్నరా సార్?”

“కాదా మరి?”

“నన్ను అడిగిండ్రా? నాకు తెల్వకుండ పెట్టిండ్రు. ఇరవై ఏండ్లు మిమ్మల్ని తలుచుకుంటే నాకు శరమనిపించేది. మా సార్‌కు చోన్-జీ సుత సక్కగ రాదు అని. ఎవరన్న మీ పేరు ఎత్తితే మాట మార్చేదాన్ని. నాలుగు డాన్లు చేసిన, ఒక్క ఫంక్షన్‌కు మిమ్మల్ని పిలవలే. పనిలున్న అని చెప్పిన. పని కాదు, శరం! గది తెలుసా మీకు?”

హనుమాండ్లు ఆమె వైపే చూశాడు. ముఖంలో ఆ తృప్తి కరిగిపోయింది.

“తెల్వదు,” అన్నాడు.

మెట్ల మీద నుంచి లేవడానికి గోడ పట్టుకున్నాడు. ఆమె చెయ్యందిస్తే తీసుకోలేదు. సందు మలుపు దాకా నడిచి వెనక్కొచ్చాడు.

“తప్పే చేసిన,” అన్నాడు. “రాయి. ఏమన్న రాస్కో. నా పేరు ఉన్నా లేకున్నా సరే, ఉన్నదున్నట్టు రాయి.”

*

శనివారం పదకొండుకు సెలవు పెట్టి క్లబ్బుకు వెళ్లింది. రాత్రి రాసినది రెండు పేజీలు. బల్ల మీద ఫణీంద్ర ముందు పెట్టి, పక్కన మూడో రిజిస్టరు తెరిచి పెట్టింది. ఫైలు కింద ఐదో డాన్ ఫారం అంచు కనిపిస్తోంది.

అతను చదివాడు. క్లబ్బును 1991 ఆగస్టులో హనుమాండ్లు ప్రారంభించాడని, 1996 జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొత్త పిల్లలకు సుకన్య పాఠం చెప్పిందని, చోన్-జీని వాళ్లకు తలకిందులుగా నేర్పింది ఆమేనని, ఆమె పేరు బయటపడకుండా హనుమాండ్లు ఆ తప్పును తనమీద వేసుకున్నాడని, ఆ సంగతి ఆమెకే తెలియనివ్వలేదని. కింద ఆమె సంతకం.

మంజూష అతని భుజం మీదుగా చదివింది. “ఇది సావనీర్‌లో ఎలా వేస్తామండీ? గెస్టులు చదువుతారు,” అంది. అతను వినిపించుకోలేదు. రిజిస్టరులో ఇరవై రెండో పేరు దగ్గర వేలు పెట్టాడు.

“నాకు చోన్-జీ నేర్పింది మీరా?”

“నేనే.”

“నాకు గుర్తుంది. మట్టిలో గీత గీసి కాలు ఇక్కడ పెట్టు అనేవాళ్లు. సుకన్యక్కా అని పిలిచేవాణ్ని.” పేరు మీద నుంచి వేలు తీశాడు. “ఇరవయ్యేళ్లు ఆ ముసలాయన్ని తిట్టాను. మెట్రో స్టేషన్ దగ్గర ఎదురైతే ముఖం తిప్పుకుని పోయాను. ఆయన నమస్తే పెట్టాడు కూడా. మా నాన్న సంగతి కూడా రాయాల్సింది. ఆడపిల్ల అని గొడవ చేసింది మా నాన్నే కదా?”

“నీకెవరు చెప్పిండ్రు?”

“మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నాడో నాకు తెలీదా?”

అతను లేచి కిటికీ దాకా వెళ్లాడు. కింద రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల కాగితాలు పంచేవాళ్లు దారినపోయే వాళ్ల చేతుల్లో కుక్కుతున్నారు. సుకన్యకు ఒక్క క్షణం, అయిపోయింది, ఇక సంతకం పెడతాడు, సార్ పేరు అచ్చవుతుంది అనిపించింది. అనిపించి ఊపిరి పీల్చుకుంది కూడా. అతను కిటికీ దగ్గరి నుంచే అడిగాడు.

“ఆ రోజు హాల్లో మీరు రెండో వరసలో ఉన్నారు కదా. నా వెనకాల.”

“ఉన్న.”

“మీరెటు తిరిగారు?”

కాగితంలో ఆ ముక్క లేదు. రాత్రి మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేసింది. సార్ సంగతికి దానికీ సంబంధం లేదని, అది తన సొంత విషయమని సర్దిచెప్పుకుంది. చూసినవాళ్లు ఇద్దరు. ఢిల్లీ ఎగ్జామినర్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. హనుమాండ్లు చెప్పడు. తను కుడికి అని చెప్తే కుడికే.

“ఎడమకు,” అంది.

ఫణీంద్ర వెనక్కి తిరిగాడు.

“మీరంతా కుడికి పోవుడు చూసిన. ఆయన మొఖం చూసిన. నాకు ఎడమది సుత వచ్చు, చిన్నప్పుడు నేర్చుకున్న గదా. కాలు మార్చిన. నువ్వు నాకు మూడడుగుల దూరంల ఉన్నవ్. ఒక్కసారి ‘ఫణీ, ఎడమ’ అని అరిస్తే నువ్వు మారేటోనివి. నాకు తెలుసు, మారేటోనివి. అరవలే.”

“ఎందుకు?”

“అరిస్తే నాది సుత పోతది అనుకున్న.”

మంజూష కుర్చీలో కూర్చుండిపోయింది. ఫణీంద్ర వచ్చి బల్ల మీద చేతులానించి నిలబడ్డాడు. అతని మెడ మీద నరం ఉబ్బి కొట్టుకుంటోంది. అరుస్తాడనుకుంది. అరిస్తే పడదామని సిద్ధపడింది. ఆ రోజు పోయిన నేషనల్స్ మళ్లీ రాలేదు అతనికి. మరుసటేడు జూనియర్స్ వయసు దాటిపోయింది.

“ఇది ఇందులో లేదు,” అన్నాడు కాగితం చూపిస్తూ.

“లేదు.”

ఆమె కాగితం తన వైపు లాక్కుంది. పెన్ను కోసం వెతికితే, ఫారం మీద సంతకానికి అతను పక్కన పెట్టుకున్న పెన్నే దొరికింది. తన సంతకం కింద ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. ఆ సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, దాని కింద రాయడం మొదలుపెట్టింది. ఫణీంద్ర కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆమె రాసేది తలకిందులుగానే చదువుతున్నాడు.